మాట పక్కన ఏముందో చూడండి: తెలుగు క్రియల అర్థచ్ఛాయలు
(అనువాదకులకు, నిఘంటు నిర్మాణం నేర్చుకుంటున్నవారికి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇవాళ పెద్ద పెద్ద పదాల జోలికి పోవడం లేదు. సంస్కృతం నుంచి వచ్చిన గంభీరమైన మాటలకు నిఘంటువు చూస్తే సగం పని అయిపోతుంది. మనల్ని ముంచేవి రోజుకు వందసార్లు నోట్లోంచి వచ్చే చిన్న క్రియలు. పడు, పట్టు, పెట్టు, వచ్చు, పోవు, చెప్పు. వీటి అర్థం మాట లోపల వెతికితే దొరకదు. పక్కనున్న నామవాచకం ఏమిటి, దానికి ఏ విభక్తి ఉంది, అది ఏకవచనమా బహువచనమా, వెనకాల ఇంకో క్రియ తగిలిందా, వాక్యం అవునంటోందా కాదంటోందా, ఇవన్నీ కలిస్తే అర్థం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దాన్ని ఎలా పట్టుకోవాలన్నది.

బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తున్నాను.

సాయంత్రం వాన పడుతుంది.
వెళ్ళడానికి రెండు గంటలు పడుతుంది.

రెండిట్లోనూ "పడుతుంది" ఉంది. ఒకే క్రియేనా? నిన్నటికి మార్చి చూడండి. వాన పడింది. రెండు గంటలు పట్టింది. చూశారా, విడిపోయాయి. మొదటిది పడు, రెండోది పట్టు. కొట్టు అనేది కొడుతుంది అయినట్టు, పెట్టు అనేది పెడుతుంది అయినట్టు, పట్టు కూడా వాడుకలో పడుతుంది అయింది. అలా అయ్యేసరికి అసలు పడుతో కలిసిపోయింది. వర్తమానంలో, భవిష్యత్తులో రెండూ ఒకేలా వినిపిస్తాయి. భూతకాలంలో, వ్యతిరేకంలో అసలు రూపాలు బయటకొస్తాయి. వాన పడదు, అంతసేపు పట్టదు.

చేపల దగ్గర ఇది ఇంకా సరదాగా ఉంటుంది. "వాడు చేపలు పడతాడు" అంటే పట్టు. "వలలో చేపలు పడతాయి" అంటే పడు. మనిషి పట్టాడు, చేపలు పడ్డాయి. ఒకే వల, ఒకే చేపలు, రెండు క్రియలు.

కాబట్టి మీ దగ్గరున్న ఉదాహరణ వాక్యాల మీద చేయాల్సిన మొదటి పని, ప్రతిదాన్నీ "నిన్న" చేర్చి ఒకసారి, "లేదు, కాదు" చేర్చి ఒకసారి తిరగరాయడం. బద్ధకించకుండా అన్నింటినీ రాయాలి. మనసులో అనుకుంటే చెవి మోసం చేస్తుంది, మనకు ముందే తెలిసిన అర్థాన్నే వినిపిస్తుంది.

వ్యతిరేకంతో ఇంకో లాభం ఉంది. కొన్ని అర్థాలు వ్యతిరేకంలోనే బతుకుతాయి. "వాళ్ళిద్దరికీ పడదు" అంటాం. వాళ్ళిద్దరూ బాగా ఉంటే "వాళ్ళిద్దరికీ పడుతుంది" అని మామూలుగా అనం, వేరే మాట వెతుక్కుంటాం. "వాడంటే నాకు గిట్టదు" కూడా అంతే. ఈ గిట్టు ధర విషయానికొస్తే మాత్రం రెండు వైపులా నడుస్తుంది, ధర గిట్టింది, గిట్టలేదు, గిట్టుబాటు. మనుషుల దగ్గరే వ్యతిరేకానికి పరిమితం. చనిపోవడం అనే మూడో గిట్టు ఇప్పుడు ఒంటరిగా తిరగదు. "పుట్టినవాడు గిట్టక తప్పదు" అన్నట్టు పుట్టుతో జతకట్టినప్పుడే వినిపిస్తుంది. ఇలాంటి పరిమితులు రాయకుండా "పడు: పొసగు", "గిట్టు: ఇష్టమగు" అని ఊరుకుంటే, తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు "నువ్వంటే నాకు గిట్టుతుంది" అని ప్రేమగా చెబుతాడు. తప్పు వాడిది కాదు, అర్థం రాసినవాళ్ళది.

పడదు, పట్టదు పక్కపక్కన పెట్టండి. "వంకాయ నాకు పడదు" అంటే తింటే ఒంటికి సరిపోదు. "ఊరి గొడవలు నాకు పట్టవు" అంటే వాటిని లెక్కచేయను. రెండిట్లోనూ "నాకు" ఉంది, రెండూ వ్యతిరేకమే. ఒకటి శరీరం మాట, ఇంకొకటి మనసు మాట.

ఇప్పుడు పట్టునే కాస్త దగ్గరగా చూద్దాం. ఇనుముకు తుప్పు పట్టింది. గోడకు బూజు పట్టింది. మెట్లకు పాకుడు పట్టింది. నాకు చెమట పట్టింది. నాకు నిద్ర పట్టింది. పనికి రెండు గంటలు పట్టింది. బస్తాలో నూరు కిలోలు పట్టాయి. బిడ్డకు తల్లి పాలు పట్టింది. ఇన్ని వాక్యాలకు ఎన్ని అర్థాలు? ఒక్కో వాక్యానికి ఒక్కో పర్యాయపదం వెతికి పెట్టేస్తే ఎనిమిది అర్థాలు రాయొచ్చు. అలా రాసినవే చాలా నిఘంటువుల్లో కనిపిస్తాయి. ఆ ఎనిమిదీ అర్థాలు కావు, ఎనిమిది సందర్భాలు.

విడదీయడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రెండు నామవాచకాలను జతచేసి ఒకే క్రియ కింద పెట్టండి. "గోడకు బూజూ పాకుడూ పట్టాయి." హాయిగా ఉంది, చెవికి ఏమీ తగల్లేదు. అంటే బూజుకూ పాకుడుకూ, దాంతోపాటు తుప్పుకూ అర్థం ఒకటే: ఒక వస్తువు పైన ఇంకొకటి తనంతట తాను పేరుకోవడం. "నాకు చెమటా నిద్రా పట్టాయి." ఎవరైనా ఇలా అంటే నవ్వుతాం. ఆ నవ్వు దగ్గరే అర్థం చీలింది. "నాకు నిద్రా రెండు గంటలూ పట్టాయి" అంటే నవ్వు కూడా రాదు, వాక్యమే కూలిపోతుంది. చీలిక ఇక్కడ ఇంకా లోతు. చెమటను బూజుతో కలపాలా వద్దా అన్నది వాదించుకోవచ్చు. నా ఓటు కలపడానికే. రెండూ "కు"తోనే వస్తాయి, రెండూ పైన పేరుకునేవే, ఒకటి ఒంటి మీద, ఒకటి గోడ మీద.

పాలు పట్టడం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ పట్టేది మనిషి, కావాలని చేసే పని. "తల్లి పట్టింది" అన్నచోట తల్లి కర్త. "చెమట పట్టింది" అన్నచోట చెమటే కర్త, మనిషి "నాకు" అయి పక్కన కూర్చున్నాడు. తెలుగులో ఈ "నేను, నాకు" తేడా అర్థాన్ని సగం నిర్ణయిస్తుంది. అందుకే అర్థం రాసేటప్పుడు క్రియను ఒంటరిగా రాయొద్దు. "ఒకరికి నిద్ర పట్టు", "ఒకదానికి తుప్పు పట్టు", "ఒకరు ఒకరికి పాలు పట్టు" అని చట్రంతో సహా రాయండి. చట్రం రాస్తే అర్థం రాయడానికి ఒక ముక్క చాలు.

ఈ విషయంలో పాత నిఘంటువుల గురించి ఒక మాట. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం కావ్య ప్రయోగాలకు పెద్ద దిక్కు, దాని విలువ దానికుంది. వాడుక క్రియల ఛాయలు కావాలంటే మాత్రం 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఎక్కువ పనికొస్తుంది. జనం మాట్లాడే వాక్యాలను ఉదాహరణగా ఎక్కించాడు కాబట్టి. కావ్యంలోని పద్యపాదంలో "నాకు"ను ఛందస్సు ఎటో తోసేస్తుంది. మాట్లాడే వాక్యంలో అది ఉండాల్సిన చోట ఉంటుంది.

"నేను, నాకు" తేడాను "తెలియు"తో చూద్దాం. నాకు తెలుసు, నాకు తెలిసింది, నేను తెలుసుకున్నాను, నాకు తెలిసొచ్చింది, అందరికీ తెలిసిపోయింది. "తెలిసింది" అంటే మనం ఏమీ చేయకుండానే వచ్చి చేరింది. "తెలుసుకున్నాను" అంటే అడిగో, వెతికో సంపాదించుకున్నది. "తెలిసొచ్చింది" అంటే దెబ్బతిన్నాక అర్థమైంది. దీన్ని శుభవార్తకు వాడలేం. "నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసొచ్చింది" అంటే ఆ ఉద్యోగంలో చేరి ఏడుస్తున్నాడని అనుమానం వస్తుంది. "తెలిసిపోయింది" అంటే దాచాలనుకున్నది బయటపడింది. "తెలుసు"కు కాలం లేదు, "నిన్నటికే నాకు తెలుసు" అనాల్సిందే. వ్యతిరేకంలో ఇంకో సందు ఉంది. "రైలు ఎన్నింటికో నాకు తెలియదు" అంటే తెలియని స్థితి, అంతే. "రైలు ఎన్నింటికో నాకు తెలియలేదు" అంటే కనుక్కోబోయినా అంతుబట్టలేదు. అనువాదాల్లో ఈ రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. ముఖ్యంగా కథల్లో, పాత్ర ప్రయత్నించిందా లేదా అన్నది ఆ ఒక్క అక్షరంతో మారిపోతుంది.

వచనం దగ్గరికి వద్దాం. ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని చోటు. కబురు వేరు, కబుర్లు వేరు. కబురు పంపితే ఏదో పని ఉంది. కబుర్లు చెబితే ఏ పనీ లేదు. మర్యాద ఇవ్వడం గౌరవం, మర్యాదలు చేయడం అతిథి సత్కారం. వేషం వేస్తే నటుడు, వేషాలు వేస్తే మోసగాడు, లేదా అల్లరిపిల్లవాడు. పిల్లవాడికి పేరు పెడితే నామకరణం, ఎదుటివాడికి పేర్లు పెడితే వంకలు వెతకడం. "మాట చెప్పు" అంటే చెప్పమని అడగడం, "మాటలు చెప్పకు" అంటే నోరు మూసుకోమనడం. "కష్టపడ్డాడు" అంటే ఒళ్ళొంచి పనిచేశాడు, మెచ్చుకోలు. "కష్టాలు పడ్డాడు" అంటే జాలి. ఒక మనిషి గురించి పరిచయ వ్యాసం రాస్తూ ఈ రెండిట్లో ఏది వాడాలో తెలియకపోతే వ్యాసం రంగే మారిపోతుంది.

ఇందులో ఒక పోకడ కనిపిస్తుంది. కబుర్లు, మాటలు, వేషాలు, పేర్లు, నాటకాలు, కథలు: బహువచనం కాగానే చాలా మాటలు తేలికైపోతాయి, కొంచెం ఎగతాళి చేరుతుంది. "మర్యాదలు" దీనికి లొంగదు. పోకడే తప్ప సూత్రం కాదు.

"మాట" అనే మాటే తీసుకోండి. మాట ఇచ్చాడు, మాట తప్పాడు, మాట తీసుకున్నాడు, మాట జారాడు, మాట మార్చాడు, మాట కలిపాడు. వీటిలో ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేవి రెండు జతలు. మొదటిది, "మాట పడ్డాడు", "మాట పడిపోయింది". మొదటిదానికి కర్త మనిషి, ఎవరో అన్న మాటను భరించాడు. రెండోదానికి కర్త మాట, జబ్బుతో నోట మాట రావడం ఆగిపోయింది. ఆస్పత్రి చీటీలో రాసేది రెండోది. రెండో జత, "నాన్న మాట దాటాడు", "మాట దాటేశాడు". దాటాడంటే ధిక్కరించాడు. దాటేశాడంటే అడిగినదానికి జవాబివ్వకుండా తప్పించుకున్నాడు. మధ్యలో చేరింది "వేయు" ఒక్కటే. "చేతులెత్తాడు", "చేతులెత్తేశాడు" కూడా ఇలాంటివే. మొదటిది నమస్కారం కావచ్చు, రెండోది ఇక తన వల్ల కాదని వదిలేయడం. వేయు మామూలుగా పని పూర్తయిందని చెబుతుంది, చెప్పేశాడు, తినేశాడు. ఈ రెండు చోట్లా మాత్రం పూర్తికావడంతో ఆగకుండా కొత్త అర్థాన్నే పుట్టించింది. కాబట్టి "దాటేయు", "చేతులెత్తేయు" నిఘంటువులో విడిగా ఉండాలి. "చెప్పేయు" అక్కర్లేదు.

వెనక చేరే క్రియల్లో "కొను" మహా గడుసుది. "చెప్పాడు"కూ "చెప్పుకున్నాడు"కూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. బాధ చెప్పుకున్నాడు, గొప్పలు చెప్పుకున్నాడు, ఊరంతా చెప్పుకున్నారు. మొదటిది మొర, రెండోది డంబం, మూడోది వదంతి. "చెయ్యి చేసుకున్నాడు" అంటే కొట్టాడు. ఈ అర్థం ఆ మూడు ముక్కల్లో ఎక్కడా లేదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది "నిండుకొను". బియ్యం నిండుకున్నాయి అంటే అయిపోయాయి. ఇంట్లో బియ్యం లేవనడం అశుభమని పెద్దవాళ్ళు మాటను తిప్పి అన్నారు. మంగళసూత్రం తెగితే "పెరిగింది" అంటారు, దీపం ఆరితే "కొండెక్కింది" అంటారు. ఇవన్నీ ఒకే తోవ. ఇప్పుడు ఈ మర్యాద మరుగున పడుతోంది, నిండు అనే ధాతువు మాత్రం కనిపిస్తూనే ఉంది. దాంతో "భారీ వర్షాలకు జలాశయం నిండుకుంది" లాంటి వాక్యాలు పుడతాయి. రాసినవాడి ఉద్దేశం జలాశయం నిండిందని, పాత చెవికి వినిపించేది ఎండిపోయిందని. పత్రికల్లో పనిచేసేవాళ్ళు ఇక్కడ ఉంటే, నిండింది, నిండుకుంది అని పక్కపక్కన రాసి గోడకు అంటించుకోండి. "నిండుకుండ" మాత్రం నిజంగానే నిండిన కుండ, దాన్ని చూసి కంగారుపడకండి.

ప్రాంతాల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అదొక్కటే ఇంకో ప్రసంగం. కోస్తాలో "మా నాన్న పోయారు" అంటే వినేవాళ్ళు లేచి నిలబడతారు. తెలంగాణలో "మా బాపు పట్నం పోయిండు" అంటే ఊరికి వెళ్ళాడనే. చేరే చోటు వాక్యంలో ఉంటే కోస్తాలోనూ భయం లేదు, చోటు లేకుండా, పైగా గౌరవ రూపంతో వస్తేనే చావు అర్థం. "గడ్డ" అంటే కొందరికి పుండు, కొందరికి దుంప, తెలంగాణలో ఉల్లిగడ్డ, ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే కొండవాగు, పెద్దగెడ్డ, వట్టిగెడ్డ అని పేర్లలోనే ఉంది. "చేను" అంటే భూమీ, దాని మీద నిలిచిన పైరూ. "చేను అమ్మాడు" అన్నప్పుడు భూమా, పంటా అని అడిగి తెలుసుకోవాల్సిందే. వృత్తిపదాల్లో ఇలాంటివి వెతికేవాళ్ళు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, దగ్గర పెట్టుకోవాలి.

కాలం కూడా అర్థాన్ని తోస్తుంది. "కంపు" పాత కావ్యాల్లో సువాసన కూడా, కన్నడంలో ఇప్పటికీ సువాసనే. మనకు ముక్కు మూసుకునేది మాత్రమే మిగిలింది. ఇప్పుడు "వాసన" కూడా అదే దారి పట్టింది. "వాసనొస్తోంది" అని ఊరికే అంటే మంచి వాసన అని ఎవరూ అనుకోరు, ముందు "మంచి" తగిలించాలి. కావ్యానికి వ్యాఖ్య రాసేవాళ్ళు ఇవాళ్టి ముక్కుతో పద్యాన్ని వాసన చూడకూడదు.

ప్రశ్నలున్నట్టున్నాయి. అడగండి.

ఒక క్రియకు ఎన్ని వాక్యాలు సేకరించాలని అడుగుతున్నారు. మామూలు క్రియకు యాభై చాలు. పడు, పట్టు, పెట్టు లాంటివాటికి రెండు వందలకు తగ్గొద్దు. సగమైనా విన్న వాక్యాలు ఉండాలి, చదివినవే అయితే "చెప్పి చావు", "వచ్చి ఏడు" లాంటివి అసలు దొరకవు. అక్కడ చావు, ఏడు అనేవి చావూ కాదు ఏడుపూ కాదు, చెప్పేవాడి విసుగు. సేకరించిన వాక్యాలను కార్డుల మీద ఎక్కించండి, కార్డుకు ఒక్క వాక్యమే. పై మూల చట్రం, కింద భూతకాల రూపం, వ్యతిరేక రూపం, ఎక్కడ విన్నారో ఆ ప్రాంతం. అర్థం ఆఖర్న, పెన్సిల్‌తో. మొదటే సిరాతో రాస్తే తర్వాత వచ్చిన వాక్యాలన్నింటినీ ఆ అర్థంలోకి తోయడం మొదలుపెడతారు. కార్డుల కట్టలో ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఇంకొకరు అడిగినది మంచి ప్రశ్న. "నిద్ర పట్టు", "కోప్పడు" లాంటివాటిని ఒక మాటగా చూడాలా, రెండుగా చూడాలా అని. మధ్యలో ఏదైనా దూర్చి చూడండి. "నిద్ర సరిగ్గా పట్టలేదు." దూరింది. అంటే ఇవి రెండు మాటలు, దగ్గరి స్నేహితులు. "కోపం బాగా పడ్డాడు" అనలేం, దూరలేదు. కోప్పడు ఒకే మాట అయిపోయింది. అర్థం కూడా కదిలింది, గమనించండి. "ఆయనకు కోపం వచ్చింది" అంటే లోపల జరిగింది, బయటికి ఏమీ అనకపోవచ్చు. "ఆయన పిల్లవాణ్ణి కోప్పడ్డాడు" అంటే మందలించాడు, నిజంగా కోపం లేకపోయినా సరే. "కోపం పెట్టుకున్నాడు" అంటే లోపలే దాచుకుని మోస్తున్నాడు.

ఇలా ఒకటైపోయిన మాటలకు జత వెతకడం కూడా అలవాటు చేసుకోండి. భయపడు, భయపెట్టు. బాధపడు, బాధపెట్టు. ఆశపడు, ఆశపెట్టు. తొందరపడు, తొందరపెట్టు. పడేవాడొకడు, పెట్టేవాడొకడు. సిగ్గుపడుకు, ఇష్టపడుకు, కోప్పడుకు ఈ జత లేదు. సిగ్గుపెట్టు, ఇష్టపెట్టు, కోపపెట్టు అనం. బయటపడు, బయటపెట్టు జతలాగే కనిపిస్తాయి కానీ నిఘంటువులో పక్కపక్కనే ఒకే అర్థంతో పెడితే తప్పవుతుంది. నిజం బయటపడింది, నిజం బయటపెట్టాడు, ఇంతవరకు జతే. "అప్పుల్లోంచి బయటపడ్డాడు" అన్నదానికి జత బయటపెట్టాడు కాదు, బయటపడేశాడు. కాబట్టి కోప్పడు "క" కింద ప్రత్యేకంగా, బయటపడు "బ" కింద రెండు అర్థాలతో, ఒక్కో అర్థానికి దాని జతను పక్కనే చూపిస్తూ. నిద్ర పట్టును మాత్రం నిద్ర కింద రాసి, పట్టు కింద "నిద్ర చూడుము" అని ఒక్క ముక్క వేయండి. వెతికేవాడు నామవాచకం దగ్గరికే ముందు వెళతాడు.